రెండో టేక్‌కు ఎంతసేపు పడుతుంది?

ఒకే ఇల్లు, 14 రాత్రులు, కెమెరా ముందు నలుగురు, వెనక తొమ్మిది మంది. ఇదివరకు రెండు లఘుచిత్రాలకు పనిచేసిన మిమ్మల్ని ఇప్పుడు ఈ హారర్ సినిమాకు ‘అన్నీ చూసుకునే మనిషి’గా పెట్టారు. తెర వెనక పని నిజంగా ఎలా ఉంటుంది, దేనికి ముందే సిద్ధపడాలి, మూడో రాత్రికి పెట్టుకున్న రక్తపు తొట్టి సన్నివేశం కుదురుతుందా అని అడిగారు. నేను పదిహేనేళ్లుగా సహాయ దర్శకుడిని. చేసినవాటిలో ఏడు హారర్ సినిమాలు, ఏడూ చిల్లర ఏరుకుని తీసినవే. తెలిసినంతలో చెబుతాను. తొట్టి సంగతి చివర్లో.

భయపెట్టే సినిమా తీసే చోట భయం మాత్రం కనిపించదు. దెయ్యం వేషం కట్టినామె పెదవులకు అంటించిన రబ్బరు ఊడకుండా స్ట్రాతో నీళ్లు తాగుతూ, ఫోనులో ఏదో ఆట ఆడుకుంటూ ఉంటుంది. ఆమె కాళ్ల దగ్గర ఒకరు గుడ్డ పట్టుకుని నేల తుడుస్తుంటారు. సినిమా ఎంత త్వరగా నడుస్తుందో తేల్చేది ఆ తుడిచే మనిషే. ఈ విషయం అర్థం కావడానికి నాకు ఒక రాత్రి ఖర్చయింది.

నా మొదటి హారర్ సినిమాలో గోడ మీదికి రక్తం చిమ్మే షాట్ ఒకటి ఉంది. పంపుతో కొట్టాం, బాగానే పడింది. దర్శకుడు మానిటర్ చూసి, ‘బాగుంది, ఇంకొక్కటి చేద్దాం’ అన్నాడు. అప్పుడు చూసుకున్నాం. గోడకున్నది వాల్‌పేపర్, తుడిచేకొద్దీ రంగు లోపలికి ఇంకుతోంది. నటి చొక్కాకు రెండో జత లేదు. చొక్కా ఉతికి, ఆరబెట్టి, గోడ మీద మరకను రంగుతో కప్పి, అది ఆరేదాకా కాచుకుని రెండో టేక్ తీసేసరికి గంటా యాభై నిమిషాలు. ఇంకా మూడు షాట్లు ఉండగానే కిటికీలో తెల్లవారింది. ఎడిటింగ్‌లో చివరికి వాడుకున్నది మొదటి టేకే.

అప్పటినుంచి షాట్ల పట్టికలో ఒక గడి అదనంగా గీసుకుంటాను: మళ్లీ మొదటికి రావడానికి ఎన్ని నిమిషాలు? ఇద్దరు మాట్లాడుకునే షాట్‌కు అందులో సున్నా. పొగ ఉంటే పది. గాజు పగిలితే ఇరవై. ఒంటి మీద రక్తం పడితే నలభై, జుట్టులో పడితే గంట. ఈ అంకెలు నావి, మీ ఇంట్లో మీ మనుషులతో వేరుగా రావచ్చు. షూటింగ్‌కు ముందు ఒక పూట కూర్చుని, ఒక మనిషిని తడిపి, కడిగి, ఆరబెట్టి, గడియారం చూసి రాసుకోండి. ఆ తర్వాత దర్శకుడి ముందు పట్టిక పెట్టి, ‘ఈ షాట్‌కు రెండే టేకులు, దీనికి ఒక్కటే’ అని ముందే ఒప్పించండి. సెట్‌లో ఆ క్షణాన ఒప్పించడం మీ తరం కాదు, నా తరం కూడా కాదు.

దీన్నిబట్టే రాత్రి క్రమమూ మారుతుంది. పొడి షాట్లు ముందు, తడి షాట్లు తర్వాత. పగలగొట్టేది, చింపేది, కాల్చేది అన్నిటికన్నా చివర. గదిలో ఒకసారి రక్తం పడ్డాక ఆ గదిలో శుభ్రంగా కనిపించాల్సిన షాట్ ఏదీ మిగిలి ఉండకూడదు. మామూలు సినిమాల్లో లైట్లు జరపడం తగ్గించడానికి కెమెరా ఒకవైపు చూసే షాట్లన్నీ ఒకేసారి తీస్తారు. ఇక్కడ అలా తీస్తే, కథలో ఇంకా శుభ్రంగా ఉండాల్సిన మనిషిని రక్తం పూశాక తీయాల్సి వస్తుంది. లైట్లు రెండుసార్లు జరపడమే చౌక. మీ కెమెరామన్ గొణుగుతాడు. గొణగనివ్వండి.

ఆకులు ఏరడం కూడా ఈ లెక్కలోదే. 1978లో వచ్చిన అమెరికన్ హారర్ సినిమా ‘హాలోవీన్’ కథ జరిగేది ఆకులు రాలే అక్టోబరులో, తీసింది కాలిఫోర్నియా వసంతకాలంలో. రాలిన ఎండుటాకులు అక్కడ దొరకవు. అందుకని ఆకులకు రంగు వేసి వీధిలో చల్లి, షాట్ అయ్యాక మళ్లీ ఏరి సంచుల్లో నింపుకుని తర్వాతి షాట్‌కు మోసుకెళ్లేవారు. ఆ సినిమాలో హంతకుడి ముసుగు కూడా ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్‌లోని కెప్టెన్ కిర్క్ ముఖంతో దుకాణంలో అమ్మే బొమ్మ ముసుగే. కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్ల రంగు కొట్టారు. అందరూ ముసుగు కథే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆకులు ఏరినవాళ్లే గుర్తుకొస్తారు.

ఇక రక్తం. కొనేది ఖరీదు, కాబట్టి మీరే చేసుకుంటారు. కార్న్ సిరప్ గానీ గ్లూకోజ్ పాకం గానీ తీసుకుని ఎర్రటి ఫుడ్ కలర్ కలపండి. అంతటితో ఆపితే తెర మీద జామ్‌లా మెరుస్తుంది. నీలం రంగు ఒక్కొక్క చుక్కగా వేస్తూ చూడండి, ముదురుతుంది. చిటికెడు కోకో పొడి వేస్తే ఆరపార కనిపించడం తగ్గుతుంది. నోట్లోంచి కారేదాన్ని వేరే సీసాలో, తినదగిన వస్తువులతోనే చేసి, సీసా మీద పెద్ద అక్షరాలతో ‘నోటికి’ అని రాయండి. ఒంటికి పూసేదానిలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపితే బట్ట మీద బాగా పరుచుకుంటుంది, కడగడమూ సులువు. ఆ సీసా ఈ సీసా తారుమారైతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

రంగును వంటింటి వెలుగులో చూసి సరే అనుకోవద్దు. షూటింగ్‌లో వాడబోయే లైటు కింద, అదే కెమెరాతో చూడండి. వెన్నెల కోసం నీలం వెలుగు పెడితే ఎరుపు దాదాపు నల్లగా కనిపిస్తుంది. ఎర్ర లైటు కింద రక్తం ఉన్నట్టే తెలియదు. ఇలాంటి విషయం తెలిసినవాళ్లకు లాభం కూడా ఉంటుంది. 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ నలుపు తెలుపు చిత్రం కాబట్టి అందులో రక్తానికి చాక్లెట్ సిరప్ సరిపోయింది.

పాకపు రక్తం ఆరితే జిగురు. నటుడి చేతి వెంట్రుకలు చొక్కాకు అంటుకుపోతాయి, లాగితే ప్రాణం పోతుంది. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి తువ్వాళ్లు ఎప్పుడూ పక్కన ఉండాలి. చర్మం మీద మిగిలే గులాబీ మరకకు షేవింగ్ ఫోమ్ రాసి తుడిస్తే చాలావరకు పోతుంది. రెండు డబ్బాలు ఎక్కువే కొనండి. చీమలు తప్పక వస్తాయి. ఇంకొకటి ఎవరూ ముందు ఊహించరు: నేల మీద కంటికి కనిపించనంత పలుచగా పాకం మిగిలితే, నడిచే ప్రతి అడుగుకూ చెప్పులు ‘చప్, చప్’మని అతుక్కుని ఊడతాయి. ఒక రాత్రి నిశ్శబ్దంగా నడిచే దెయ్యం షాట్ తీస్తుంటే మా సౌండ్ మనిషి హెడ్‌ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. దెయ్యం జిగురు మీద నడుస్తోంది. నేలను రెండుసార్లు వేడినీళ్లతో కడిగాక గానీ షాట్ కుదరలేదు.

కంటిన్యుటీకి, అంటే ఒక షాట్‌కూ తర్వాతి షాట్‌కూ పొంతన తప్పకుండా ఉండటానికి, నేను వాడే పద్ధతి ఒకటి చెబుతాను. ప్రతి పాత్రకూ రక్తాన్ని మెట్లుగా విభజించండి. సున్నా అంటే శుభ్రం. ఒకటి, నుదుటి మీద గీత. రెండు, గీత చెంప దాకా కారింది. మూడు, మెడ, కాలర్. ఇలా ఐదు దాకా. ప్రతి సన్నివేశం పక్కన ‘ఆమె 2, అతను 4’ అని రాయండి. ప్రతి మెట్టుకూ ముందు నుంచి, రెండు పక్కల నుంచి ఫోటోలు తీసి, కాగితం మీద అచ్చు వేసి మేకప్ బల్ల దగ్గర అంటించండి. ఫోనులోనే ఉంచితే, అది కావాల్సిన సమయానికి ఫోను ఛార్జింగ్‌లో ఉంటుంది. రక్తం తడిగా ఉందా, ఆరిందా అన్నదీ రాసుకోవాలి. కథలో ఐదు నిమిషాలే గడిస్తే తడి, తెల్లవారితే గోధుమరంగు. బట్టలు ఒక్కో పాత్రకు కనీసం మూడు జతలు. మూడు కొనలేకపోతే ఆ పాత్ర సన్నివేశాలను కథ వరుసలోనే తీయండి, వేరే దారి లేదు.

మేకప్ మనిషి ఒక్కరే ఉంటారనుకుంటాను. గాయపు రబ్బరు అతికించడానికి రెండు గంటలు పడితే, విప్పడానికి ముప్పావు గంట పడుతుంది. ఆ ముప్పావు గంటను ఎవరూ లెక్కలో వేయరు. నటి షిఫ్టు ప్యాకప్ దగ్గర అయిపోదు, ముఖం మళ్లీ తన ముఖం అయ్యాక అయిపోతుంది. నిద్ర ఆపుకోలేక రబ్బరును చేత్తో లాగేసుకుంటే చర్మం లేస్తుంది, మర్నాటి షాట్ పోతుంది. ద్రవ లేటెక్స్ చాలామందికి పడదు. షూటింగ్‌కు రెండు మూడు రోజుల ముందే వాడబోయే లేటెక్స్, జిగురు, రంగు అన్నీ మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడండి. రంగు కాంటాక్ట్ లెన్సులు కంటి వైద్యుడు చూసి ఇచ్చినవే, ఎవరి కంటికి వారివే. అవి పెట్టుకున్న మనిషికి చూపు సరిగా ఆనదు. చీకటి ఇంట్లో, నేల మీద కేబుళ్ల మధ్య, ఆమె చెయ్యి పట్టుకుని నడిపించడానికి పేరు పెట్టి ఒకరిని కేటాయించండి. ‘ఎవరో ఒకరు చూస్తారులే’ అంటే ఎవరూ చూడరు.

చీకటి గురించి మీ కెమెరామన్‌కు నాకన్నా ఎక్కువ తెలుసు, కాబట్టి నిర్మాణానికి పనికొచ్చేవే చెబుతాను. లైట్లు ఆపేస్తే చీకటి రాదు, తెర మీద బూడిదరంగు నలుసులు వస్తాయి. చీకటి చూపించాలంటే కాస్త వెలుగు కావాలి: భుజం అంచు మీద ఒక గీత, వెనక తలుపు సందులోంచి ఒక చార. పైగా ఇంటిలోపల జరిగే రాత్రి సన్నివేశాలను రాత్రే తీయాలన్న నియమం లేదు. కిటికీలకు బయటినుంచి దట్టమైన నల్లగుడ్డ బిగిస్తే మధ్యాహ్నం కూడా అర్ధరాత్రే. మీ 14 రాత్రుల్లో నిజంగా ఆకాశం, వాకిలి, చెట్లు కనిపించేవి ఎన్ని? లెక్కేయండి. ఐదు అని తేలితే మిగతా తొమ్మిది పగళ్లు చేసుకోండి. కాకపోతే గుడ్డ బిగించిన గది ఉడికిపోతుంది, పగటి వీధి శబ్దం వస్తుంది. మాటలున్న సన్నివేశాలకు అది అడ్డు. మాటల్లేని నడకలకు, తొంగిచూడటాలకు ఏ బాధా లేదు.

బల్బు మిణుకుమిణుకుమనే షాట్ తప్పక ఉంటుంది, హారర్ సినిమా కదా. హోల్డర్‌లో బల్బును వదులు చేసి ఆడించే పని ఎవరినీ చేయనివ్వకండి. వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ పెట్టి, దాని దగ్గర కూర్చున్న మనిషికి అంకెల వరుస ఒకటి కంఠతా పట్టించండి: రెండు చిన్నవి, ఒక పెద్దది, ఆగి, ఒక చిన్నది. ప్రతి టేక్‌లోనూ అదే వరుస ఉంటే ఎడిటర్ మీకు దండం పెడతాడు.

పొగకు యంత్రం, దాని కోసమే తయారైన ద్రవం వాడండి, వేరే ఏదీ కాల్చొద్దు. ఇంట్లో పొగ అలారాలు ఉంటే ముందే చూసుకోండి. మంచులా పలుచగా పరిచే పొగ గదిలో సమంగా కుదురుకోవడానికి సమయం కావాలి. ఎవరైనా తలుపు తీస్తే అంతా మొదటికి వస్తుంది. నేను తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి, ‘నిర్మాత వచ్చినా తీయకు’ అని చెబుతాను. ఒకసారి నిజంగానే నిర్మాత వచ్చాడు, పాపం పదిహేను నిమిషాలు వరండాలో నిలబడ్డాడు. టేకుల మధ్య కిటికీలు తెరిచి అందరినీ బయటికి పంపి గాలి పీల్చుకోనివ్వాలి. ఆ సమయాన్ని కూడా గడిలో రాయండి.

డబ్బు లేనప్పుడు పనికొచ్చే పాత కిటుకులు చాలా ఉన్నాయి. తలుపు తనంతట తానే మూసుకోవడానికి చేపలు పట్టే నైలాన్ దారం చాలు. వెలుగు పడితే మెరుస్తుంది కాబట్టి నల్ల మార్కర్‌తో రుద్దండి. కత్తి కంటి దగ్గరికి వచ్చి ఆగే షాట్‌ను చివర నుంచి మొదటికి తీయాలి: రబ్బరు కత్తిని కంటి దగ్గర ఉంచి మొదలుపెట్టి, వెనక్కి లాగేసి, ఎడిటింగ్‌లో తిప్పేస్తారు. అప్పుడు ఫ్రేమ్‌లో పొగ, కారే నీళ్లు, ఊగే జుట్టు లేకుండా చూసుకోండి, అవి తిప్పితే దొరికిపోతాయి. దెయ్యం నడకకు కూడా ఇదే మంత్రం. నటిని వెనక్కి నడిపించి, తిప్పి చూపిస్తే మనిషి నడకలోని బరువు ఎక్కడో తప్పుతుంది. ఎందుకో చెప్పలేం గానీ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. 1981 నాటి ‘ది ఈవిల్ డెడ్’లో అడవిలో దూసుకొచ్చే దుష్టశక్తి చూపు కోసం కెమెరాను ఒక చెక్కకు బిగించి, చెరో చివర పట్టుకుని ఇద్దరు పరిగెత్తారు. ఈ కిటుకులన్నిటిలో నాకు నచ్చేది ఒకటే, రెండో టేక్‌కు తుడవాల్సింది ఏమీ ఉండదు.

అరుపులు. ఒక నటి ఒక రాత్రిలో గొంతు పెట్టి నాలుగైదుసార్లు అరవగలదు. ఆ తర్వాత గొంతు బొంగురుపోతుంది, మర్నాడు మాటలున్న సన్నివేశం ఉంటే మీ పని అయిపోయినట్టే. అరుపుల షాట్ ఆ రోజు ఆమెకు చివరిది కావాలి. రిహార్సల్లో నోరు తెరిస్తే చాలు, శబ్దం అక్కరలేదు. దూరపు షాట్లలో కూడా అంతే. మంచి అరుపులు మూడు విడిగా రికార్డు చేసి పెట్టుకుంటే సినిమా అంతా సరిపోతాయి. ఇరుగుపొరుగు వాళ్లకు, స్థానిక పోలీసులకు షూటింగ్ తేదీలు, సమయాలు ముందే తెలియజేయండి. అర్ధరాత్రి రెండింటికి ‘కాపాడండి’ అని వినిపిస్తే బాధ్యత ఉన్న మనిషి ఎవరైనా ఫోను చేస్తాడు, చేయాలి కూడా.

సౌండ్ కోసం ఫ్రిజ్ ఆపుతారు. ఆపి మరిచిపోతారు. ఆపిన మనిషి తన బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంటికి వెళ్లేముందు తాళం కోసం తెరుస్తాడు, అప్పుడు ఆన్ చేస్తాడు. ప్రతి గదిలో అందరినీ కదలకుండా నిలబెట్టి అర నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేయించండి. హారర్ సినిమాలో సగం భయం ఆ నిశ్శబ్దంలోనే ఉంటుంది. మెమరీ కార్డుల సంగతి మీకు తెలిసే ఉంటుంది: రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ అయి, తెరిచి చూసుకున్నాక తప్ప ఖాళీ చేయొద్దు, ఆ పని ఒక్కరి చేతిలోనే ఉండాలి.

ఇప్పుడు నేను కోపంగా చెప్పే భాగం. కత్తి మూడు రకాలుగా ఉండాలి: దగ్గరి షాట్‌కు అంచు పూర్తిగా అరగదీసిన లోహపుది, మనుషుల మధ్య కదిలేదానికి రబ్బరుది, నేల మీద పడి ఉండేదానికి ఏదో ఒకటి. పదునున్న కత్తి ఆ ఇంటి వంటగదిలో ఉంటే దాన్ని కూడా షూటింగ్ రోజుల్లో తాళం వేసి పెట్టండి, చీకట్లో ఎవరు ఏది అందుకుంటారో తెలియదు. కొవ్వొత్తి వెలిగిస్తే మంటలార్పే సిలిండర్ పట్టుకుని ఒకరు ఫ్రేమ్ అంచున నిలబడాలి. మనిషిని కుర్చీకి కట్టే సన్నివేశం ఉంటే, ముడి వేసినవాళ్ల జేబులోనే కట్లు కోసే మొద్దు కొన కత్తెర ఉండాలి, కట్లు విప్పేదాకా వాళ్లు ఆ గది దాటకూడదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను పనిచేసిన ఒక సెట్‌లో భోజన విరామం ప్రకటించగానే అందరూ లేచి వెళ్లిపోయారు. నటుడిని కుర్చీకి కట్టి, నోటికి గుడ్డ కట్టి ఉంది. పళ్లెం ఒకటి మిగిలిందని ఎవరో లెక్కపెట్టేదాకా ఎవరికీ గుర్తు రాలేదు. ఏమీ కాలేదు. కానీ అతని ముఖం చూశాక ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

నటులను నిజంగా భయపెట్టి ‘అసలైన’ స్పందన రాబట్టాలని మీ దర్శకుడికి ఆలోచన వస్తుంది. అందరికీ వస్తుంది. వద్దనండి. చెప్పకుండా వెనక నుంచి పట్టుకుంటే, ఉలిక్కిపడ్డ మనిషి మోచెయ్యి ఎటు వెళుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. మా కెమెరా ఆపరేటర్ ముక్కు అలాగే పగిలింది. పైగా ఆ భయం రెండోసారి రాదు, ఫోకస్ తప్పితే అంతే సంగతులు. ఏం జరగబోతోందో పూర్తిగా తెలిసిన నటి ఐదుసార్లు ఒకేలా భయపడగలదు. ఆమెకు కావాల్సింది సరైన క్షణాన ఒక శబ్దం. నేను రెండు చెక్కలు కొడతాను, ఆమెకు చెప్పే కొడతాను, అయినా అదురుతుంది.

షిఫ్టు 12 గంటలు దాటనివ్వొద్దు, ప్యాకప్‌కూ మర్నాటి పిలుపుకూ మధ్య కనీసం 11 గంటలు ఉండాలి. పగటి షూటింగ్ నుంచి రాత్రికి మారేటప్పుడు మధ్యలో ఒక రోజు పూర్తిగా వదలండి. డబ్బు తక్కువైతే లైట్లు తగ్గించండి, వేడి తిండి తగ్గించకండి. ఈ వృత్తిలో నాకు నిజంగా భయం వేసేది తెల్లవారుజామున, రాత్రంతా మేలుకున్న కుర్రాడు బండి స్టార్ట్ చేసినప్పుడు. ఆ ఇంట్లోనే ఒక గది ఖాళీ చేసి పరుపులు వేయించండి, ‘రెండు గంటలు పడుకుని వెళ్లు’ అనండి.

ఇక మీ తొట్టి. మామూలు తొట్టి నింపడానికి 150 నుంచి 200 లీటర్లు పడుతుంది. అంత పాకం చేయొద్దు, నీళ్లలో ఫుడ్ కలర్, దాన్ని చిక్కబరచడానికి కొంచెం మిథైల్ సెల్యులోజ్ చాలు. అది బంకగా ఉబ్బే పొడి, తినే వస్తువుల్లోనూ వాడతారు. ముందు రాత్రే నానబెట్టాలి. తొట్టి ఎనామిల్‌కు, గోడ పలకల సందులకు రంగు పట్టేస్తుంది. మూల చూసి ఒక చుక్క వేసి గంట తర్వాత తుడిచి చూడండి, పోకపోతే లోపల పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరవండి. నీళ్లు ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి, అయినా పావుగంటలో నటికి వణుకు మొదలవుతుంది. కాబట్టి ఆమె స్థానంలో వేరొకరిని కూర్చోబెట్టి లైట్లు, ఫోకస్ అన్నీ సరిచూశాకే ఆమెను పిలవండి. బాత్రూంలోకి వైరు ఉన్న లైటు ఏదీ రానివ్వకండి, బ్యాటరీవి వాడండి, లేదా కిటికీ బయటినుంచి వెలుగు కొట్టండి. రెండు పెద్ద తువ్వాళ్లు, ఒక దుప్పటి, పక్క గదిలో హీటరు. టేక్ ఒక్కటే, కెమెరాలు రెండు. రెండో కెమెరా ఒక పూటకు అరువు తెచ్చుకోండి.

మూడో రాత్రి వద్దు. ఇంకా ఎవరి పని ఎవరికి తెలియని రోజులవి, పైగా ఆ బాత్రూంలో మీకు నాలుగు శుభ్రమైన సన్నివేశాలు ఉన్నాయని మీరే రాశారు. పదమూడో రాత్రికి మార్చండి. పద్నాలుగోది ప్యాచ్‌వర్క్‌కు, అంటే మిగిలిపోయిన చిన్నచిన్న షాట్లకు, ఇల్లు కడగడానికి ఉంచుకోండి. మొదటి రోజు సామాను దించకముందే ప్రతి గదినీ, ప్రతి గోడనూ ఫోటో తీసి పెట్టుకుంటే, ఇల్లు అప్పగించే ఉదయం ఇంటి యజమాని ‘ఈ మరక ముందు లేదు’ అని తలుపు వెనక వేలు చూపించినప్పుడు, అది మీదో కాదో ఇద్దరూ కలిసి చూసుకోవచ్చు. నా అనుభవంలో పదికి తొమ్మిదిసార్లు మాదే.